క్లెయిమ్ ఒక్కటీ లేదు, ఇన్సూరెన్స్ మాత్రం 9 వేల నుంచి 15 వేలు దాటింది. మీకూ ఇంతేనా?

బెజవాడ_స్విఫ్ట్
2022 చివర్లో కొన్న స్విఫ్ట్ పెట్రోల్. ఇప్పటిదాకా బండి మీద గీత పడలేదు, క్లెయిమ్ ఊసే లేదు. పోయినేడాది రెన్యువల్‌కి 9,239 కట్టాను. ఈసారి షోరూమ్ నుంచి ఫోన్ చేసి 15,825 అన్నారు. అదేంటండీ అంటే "రేట్లు పెరిగాయి సార్, అందరికీ అంతే" అని ఫోన్ పెట్టేసింది ఆ అమ్మాయి. బండి పాతబడే కొద్దీ దాని విలువ తగ్గుతుంది కదా, మరి ప్రీమియం పెరగడమేంటి? వచ్చే వారంలో డేట్ అయిపోతోంది. కట్టేయమంటారా, బయట చూడమంటారా?

గుంటూరు_మిర్చి99
మా ఊళ్లో మిర్చి రేటు తప్ప అన్నీ పెరుగుతున్నాయి లెండి. నాది 11 నుంచి 14 అయింది.

డబుల్_క్లచ్
పచ్చి దోపిడీ. గవర్నమెంటు ఏటా థర్డ్ పార్టీ (మన బండి వల్ల ఎదుటివాళ్లకయ్యే నష్టానికి కవర్) పెంచుకుంటూ పోతోంది. అదే కారణం, ఇంకేం లేదు.

పాలసీ_మాస్టారు
డబుల్ క్లచ్ గారూ, అది కాదండీ. థర్డ్ పార్టీ రేటు కేంద్ర రవాణా శాఖ ఖరారు చేస్తుంది, నిజమే. కానీ ఏటా పెంచడం లేదు. 2022 జూన్ 1న వచ్చిన రేట్లు ఇవి: సొంత కార్లకి 1000 సీసీ లోపు 2,094, 1000 నుంచి 1500 దాకా 3,416, ఆపైన 7,897. నా కస్టమర్ల 2023, 2024 పాలసీలు తీసి చూశాను, అవే అంకెలు.

స్విఫ్ట్ గారూ, మొత్తం చెబితే ఎవరికీ ఏమీ తెలీదు. కొటేషన్ లైను లైనుగా పెట్టండి. పోయినేడాది పాలసీ కూడా పక్కన పెట్టండి.

పటమట_పిల్ల
మాస్టారు ఏజెంటు, కొత్తవాళ్లకి తెలియడం కోసం చెబుతున్నా. చెప్పేది సరిగ్గానే చెబుతారు, చివర్లో ఫోన్ నంబరు ఇస్తారేమో చూసుకోండి.

పాలసీ_మాస్టారు
ఇవ్వనమ్మా. పోయినసారి ఇస్తే అడ్మిన్ గారు వారం రోజులు బయట కూర్చోబెట్టారు.

బెజవాడ_స్విఫ్ట్
ఈ ఏడాది కొటేషన్:
ఓడీ, అంటే మన బండి డ్యామేజీకి (ఎన్సీబీ, అంటే క్లెయిమ్ చేయనందుకు ఇచ్చే తగ్గింపు, 35 శాతం పోను) 4,620
జీరో డెప్ (పార్టులకి తరుగు కోయకుండా) 2,150
ఇంజిన్ ప్రొటెక్ట్ 780
కన్స్యూమబుల్స్ (ఆయిలు, నట్లు లాంటివి) 520
తాళం పోతే కవర్ 450
టైర్ కవర్ 1,100
థర్డ్ పార్టీ 3,416
ఓనర్ పర్సనల్ యాక్సిడెంట్ 375
జీఎస్టీ 18 శాతం కలిపి 15,825.

పోయినేడాది: ఓడీ (ఎన్సీబీ 25 శాతం పోను) 4,380. జీరో డెప్, ఇంజిన్, కన్స్యూమబుల్స్ మూడూ కలిపి 3,450, ఇప్పటి అంకెలే. జీఎస్టీతో 9,239. ఐడీవీ (పాలసీలో బండికి కట్టిన విలువ) అప్పుడు 5.60 లక్షలు, ఇప్పుడు 5.05.

ఆటోనగర్_బాబాయ్
టైర్ కవర్ దేనికి? మన రోడ్ల మీద టైరు పేలితే కంపెనీవాడు వచ్చి గుంట ఫొటో అడుగుతాడు.

లెక్కల_పంతులు
రిటైర్ అయ్యాక ఇలాంటి లెక్క దొరకడం అదృష్టం. అసలు సంగతి పోయినేడాది కాగితంలో థర్డ్ పార్టీ లైను లేకపోవడంలో ఉంది.

సుప్రీంకోర్టు చెప్పాక 2018 సెప్టెంబర్ 1 నుంచి కొత్త కారు కొనేటప్పుడే మూడేళ్ల థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. మీ 2022 ఇన్వాయిస్ తీయండి, ఆన్‌రోడ్ ధరలో 10,640 ఉండాలి. రెండో ఏడూ, మూడో ఏడూ మీరు కట్టింది ఓడీ ఒక్కటే. ఇప్పుడు మూడేళ్లూ నిండాయి కాబట్టి 3,416 మళ్లీ వచ్చింది. జీఎస్టీతో 4,031. అది పెంపు కాదు, అప్పుడు ముందుగానే కట్టేశారు కాబట్టి మధ్యలో కనబడలేదు.

ఇక టైరు, తాళం, పర్సనల్ యాక్సిడెంట్ మూడూ కొత్తగా చేరాయి. 1,925, పన్నుతో 2,271. మీరు అడిగారా? అడక్కపోతే షోరూమ్ వాళ్ల ప్రేమ అనుకోండి.

ఇప్పుడు అసలు పెంపు చూపిస్తా. ఓడీ 4,380 నుంచి 4,620, అంటే 240 రూపాయలేగా అనిపిస్తుంది. కానీ ఎన్సీబీ 25 నుంచి 35కి పెరిగింది కాబట్టి అది తగ్గాలి. ఎన్సీబీ తీయకముందు అంకె పట్టుకోండి. పోయినేడాది 4,380ని 0.75తో భాగిస్తే 5,840. ఈ ఏడాది 4,620ని 0.65తో భాగిస్తే 7,108. ఐడీవీ 55 వేలు తగ్గినా ఓడీ 1,268 పెరిగింది. దాదాపు 22 శాతం. మీరు బుద్ధిగా నడిపి సంపాదించిన పది శాతాన్నీ వాళ్లు అక్కడ మింగేశారు.

డబుల్_క్లచ్
అదే కదా నేనన్నది. దోపిడీ.

లెక్కల_పంతులు
మీరన్నది థర్డ్ పార్టీ అని. మార్కులు సగమే.

పాలసీ_మాస్టారు
పంతులు గారి లెక్కకి వంక పెట్టలేను. ఒక్క మాట కలుపుతా. ఓడీకి పాత టారిఫ్‌లో, అంటే రేట్ల పట్టికలో, ఒక రేటు ఉంటుంది, దాని మీద ఏ కంపెనీ ఎంత డిస్కౌంట్ ఇస్తుందనేది వాళ్లిష్టం. ఒక మోడల్‌కి క్లెయిములు ఎక్కువైతే డిస్కౌంట్ కోస్తారు. ఈ మధ్య బండ్ల హెడ్‌లైటు ఒక్కటి పగిలితే ఎంతవుతుందో ఆటోనగర్ బాబాయ్‌ని అడగండి. బంపర్లో సెన్సర్లు, అద్దంలో కెమెరాలు. అదంతా ఓడీలోకే వస్తుంది.

ఆటోనగర్_బాబాయ్
ఒకప్పుడు బంపర్ ఊడితే టింకరింగ్ చేసి, రంగేసి పంపేవాళ్లం. ఇప్పుడు షోరూమ్‌లో బంపర్ మార్చడమే, బాగుచేయడం అనేది లేదు. కస్టమర్ కూడా "ఇన్సూరెన్స్ ఉందిగా, కొత్తది వెయ్యండి" అంటాడు. మళ్లీ ఏడాదికి ప్రీమియం పెరిగిందని ఇక్కడికొచ్చి ఏడుస్తాడు.

పటమట_పిల్ల
బాబాయ్ చెప్పింది కరెక్టే కానీ క్లెయిమ్ చేయని స్విఫ్ట్ గారు ఎందుకు కట్టాలి అందరి బంపర్ల డబ్బులు?

ఆటోనగర్_బాబాయ్
ఇన్సూరెన్స్ అంటే అదేగా అమ్మా.

బెజవాడ_స్విఫ్ట్
పంతులు గారూ, దండం. ఈ మూడేళ్ల సంగతి షోరూమ్ అమ్మాయి ఒక్క ముక్క చెప్పలేదు. టైరు, తాళం తీసేయమని ఫోన్ చేస్తే "బయట తీసుకుంటే మీకు మా దగ్గర క్యాష్‌లెస్ ఉండదు సార్" అంటోంది, అంటే రిపేరు బిల్లు కంపెనీ నేరుగా కట్టదు, ముందు నేనే కట్టుకోవాలట. నిజమా?

సింగ్‌నగర్_సీను
బెదిరింపు. కంపెనీ వెబ్‌సైట్లో క్యాష్‌లెస్ గ్యారేజీల లిస్టు ఉంటుంది, విజయవాడ అని కొట్టి చూడండి. అదే షోరూమ్ పేరు వేరే కంపెనీల లిస్టులో కూడా కనబడుతుంది.

అన్నీ తీసేయండి, ఇంజిన్ ప్రొటెక్ట్ మాత్రం తీయొద్దు. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు మా వీధిలోకి వచ్చినప్పుడు కార్లు పైకప్పు దాకా మునిగాయి. ఫుల్ ఇన్సూరెన్స్‌లో వరద నష్టం వస్తుంది. కానీ నీళ్లలో ఉన్న ఇంజిన్‌ని స్టార్ట్ చేసి అది పట్టేస్తే, అది నీ పొరపాటు అని ఆ భాగం ఇవ్వరు, ఆ కవర్ ఉంటే తప్ప. మా వీధిలో సగం మంది నీళ్లు తగ్గగానే మొదట చేసిన పని తాళం తిప్పడమే. నేను తిప్పలేదు, బ్యాటరీ వైరు పీకి, ఫొటోలు తీసి, కంపెనీకి ఫోన్ చేసి, తోయించి ఆటోనగర్ పంపించాను.

ఇంకో విషయం. ప్రీమియం తగ్గడానికి ఐడీవీ తగ్గించుకోమని సలహా ఇస్తారు కొందరు. మా బావమరిది అలాగే తగ్గించుకున్నాడు, ఆరేడు వందలు మిగిలాయి. వరదలో బండి టోటల్ లాస్ అయింది (రిపేరు ఖర్చు ఐడీవీలో 75 శాతం దాటితే అలా లెక్క కడతారు). చేతికొచ్చింది ఆ తగ్గించుకున్న ఐడీవీయే. మార్కెట్ రేటుకీ దానికీ మధ్య 80 వేలు పోయాయి. పక్కింటాయనది థర్డ్ పార్టీ ఒక్కటే. ఆయనకి పైసా రాలేదు.

గుంటూరు_మిర్చి99
సీనూ, మీ వైపు అందరికీ రేట్లు పెంచారని విన్నా. వరద పిన్‌కోడ్ అని.

సింగ్‌నగర్_సీను
నాకు పెరిగింది, కానీ క్లెయిమ్ చేశాను కాబట్టి ఎన్సీబీ సున్నా అయింది, దానివల్ల పెరిగింది. పిన్‌కోడ్ వల్ల అని కాగితంలో ఎక్కడా రాయలేదు. పాత టారిఫ్ ప్రకారం హైదరాబాద్, చెన్నై లాంటి 8 నగరాలు ఒక జోన్, మనమంతా ఇంకో జోన్. సింగ్‌నగర్ అయినా బెంజ్ సర్కిల్ అయినా అందులో ఒకటే. కంపెనీ డిస్కౌంట్‌లో ఏం చూస్తుందో వాళ్లకే తెలియాలి.

డబుల్_క్లచ్
నా దగ్గర పదకొండేళ్ల ఆల్టో ఉంది. 796 సీసీ. థర్డ్ పార్టీ ఒక్కటే, 2,094 ప్లస్ జీఎస్టీ. బండి విలువే లక్ష లేదు, దానికి ఫుల్ ఇన్సూరెన్స్ కట్టేవాడు అమాయకుడు.

పటమట_పిల్ల
పక్కింటాయన గురించి సీను ఇప్పుడేగా చెప్పింది.

డబుల్_క్లచ్
నా ఆల్టో మునిగితే నేనే కృష్ణలో కలిపేస్తాను. కొత్త బండికి వేరు, దీనికి వేరు.

పాలసీ_మాస్టారు
ఈ విషయంలో ఆయనతో ఏకీభవిస్తాను, ఏజెంటుగా నాకు కమీషన్ పోయినా సరే. అంత పాత బండికి జీరో డెప్ ఎలాగూ దొరకడం కష్టం. ప్లాస్టిక్, రబ్బరు మీద సగం కోస్తారు, ఇక చేతికొచ్చేదెంత.

ఎల్లోబోర్డు
మీరంతా 3,416కి ఏడుస్తున్నారు. నాది డిజైర్ ట్యాక్సీ, గన్నవరం ఎయిర్‌పోర్టు ట్రిప్పులు. 1197 సీసీకి థర్డ్ పార్టీ బేసిక్ 7,940, పైన సీటుకి 978 చొప్పున నాలుగు సీట్లకి 3,912. మొత్తం 11,852. జీఎస్టీతో 13,985. ఇందులో ఓడీ ఒక్క రూపాయి లేదు. ట్రిప్పులు ఉన్నా కట్టాలి, బండి ఇంట్లో పెట్టినా కట్టాలి. ఈఎంఐ, ఫిట్‌నెస్, టోల్ పోను మిగిలేది చెబితే నవ్వుతారు.

2025 సెప్టెంబర్‌లో జీఎస్టీ తగ్గించారు అంటే ఆశపడ్డా. హెల్త్, లైఫ్‌కి తీసేశారు, లారీల థర్డ్ పార్టీకి 12 నుంచి 5 చేశారు. మాకు మాత్రం 18 శాతమే.

గుంటూరు_మిర్చి99
నాదో ఐడియా. నా వైట్ బోర్డు ఎర్టిగా శని, ఆదివారాలు తెలిసినవాళ్లకి శ్రీశైలం ట్రిప్పులకి ఇస్తే ప్రీమియం డబ్బులు వచ్చేస్తాయిగా?

ఎల్లోబోర్డు
ఇవ్వు తమ్ముడూ. మేం 14 వేలు కట్టి రోడ్డెక్కాలి, నువ్వు 3,416తో మా సవారీ తీసుకెళ్లు. దోర్నాల ఘాట్‌లో ఏదన్నా అయితే నీ ఓడీ క్లెయిమ్ కొట్టేస్తారు, కిరాయికి తిప్పావని. ఎక్కినవాళ్లకి కోర్టు ఇప్పించినా, కంపెనీ కట్టి మళ్లీ నీ దగ్గరే వసూలు చేసుకుంటుంది. అప్పుడు ఎర్టిగా అమ్మినా చాలదు.

గుంటూరు_మిర్చి99
సరదాకన్నాను అన్నా.

ఎల్లోబోర్డు
సరదాకి తిప్పేవాళ్లు బస్టాండ్ బయట రోజూ కనబడుతున్నారు, అందుకే మండింది.

బ్రాడీపేట_బుల్లోడు
ప్రీమియం పెరిగిందని అసలు కట్టకుండా తిరిగేవాళ్లకి ఒక మాట. దొరికితే ఫైను మొదటిసారి 2,000, మళ్లీ దొరికితే 4,000. అది చిన్న సంగతి. మా పెదనాన్న గారి కారుకి పాలసీ అయిపోయి మూడు వారాలైంది. చుట్టుగుంట దగ్గర ఒక బైకు తగిలింది, ఆ అబ్బాయికి కాలు పోయింది. ట్రిబ్యునల్ వేసిన పరిహారం ఇప్పటికీ పొలం కౌలు డబ్బుల్లోంచి కడుతున్నారు. థర్డ్ పార్టీలో చావుకీ గాయాలకీ కంపెనీ బాధ్యతకి పరిమితి లేదు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికి ఏడున్నర లక్షల దాకా. ఆ 3,416 నాకైతే ఎక్కువనిపించదు.

పటమట_పిల్ల
అబ్బాయికి పాపం కనీసం అందాయిగా డబ్బులు?

బ్రాడీపేట_బుల్లోడు
విడతలుగా. అదే కంపెనీ అయితే ఒకేసారి వచ్చేవి.

కానూరు_కారువాలా
నాకు ఎన్సీబీ 50 శాతం ఉంది. మొన్న ఎంజీ రోడ్డులో ఆటో వెనకనుంచి తగిలి బంపర్ పగిలింది. షోరూమ్‌లో ఆరువేలు అన్నారు. జీరో డెప్ ఉంది, క్లెయిమ్ చేసేయనా? ఫ్రీయేగా.

లెక్కల_పంతులు
మీ ఓడీ ఎన్సీబీ తీయకముందు ఎంత?

కానూరు_కారువాలా
9,000 చిల్లర.

లెక్కల_పంతులు
9,000 అనుకుందాం, ఏటా అంతే ఉంటుందనుకుందాం. క్లెయిమ్ చేయకపోతే ఏటా 4,500 కడతారు. చేస్తే వచ్చే ఏడు 50 శాతం పోయి పూర్తి 9,000. తర్వాత 20 శాతంతో 7,200, 25తో 6,750, 35తో 5,850, 45తో 4,950. అప్పుడు గానీ మళ్లీ 50కి చేరరు. అదనంగా కట్టింది కూడండి: 4,500, 2,700, 2,250, 1,350, 450. మొత్తం 11,250. జీఎస్టీతో 13,275. ఆరువేల బంపర్ కోసం.

కానూరు_కారువాలా
అమ్మో.

ఆటోనగర్_బాబాయ్
ఆ బంపర్ నా దగ్గరికి తీసుకురా. ప్లాస్టిక్ వెల్డింగ్ చేసి రంగేస్తే అందులో సగం కూడా కాదు. రంగు కాస్త తేడా కనబడుతుంది, ముందే చెబుతున్నా.

పాలసీ_మాస్టారు
ఎన్సీబీ ప్రొటెక్ట్ అని ఒక యాడాన్ ఉంది, ఒకటి రెండు క్లెయిములదాకా కాపాడుతుంది. 50 శాతానికి వచ్చినవాళ్లకి పనికొస్తుంది, 20లో ఉన్నవాళ్లకి దండగ. ఇంకోటి గుర్తుంచుకోండి, ఎన్సీబీ బండిది కాదు, మీది. కారు అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర లెటర్ తీసుకుంటే కొత్త కారుకి మూడేళ్లలోపు వాడుకోవచ్చు. చాలామంది పాత బండితో పాటే వదిలేస్తారు. పాలసీ అయిపోయి 90 రోజులు దాటితే మాత్రం మొత్తం గాల్లో కలిసినట్టే.

తాడేపల్లి_తాతయ్య
నేను వారానికోసారి మంగళగిరి గుడికి, నెలకోసారి గుంటూరు డాక్టర్ దగ్గరికి తప్ప బండి తీయను. నాకూ, రోజూ హైదరాబాద్ వెళ్లొచ్చేవాడికీ ఒకే ప్రీమియమా?

పాలసీ_మాస్టారు
తాతయ్య గారూ, కిలోమీటర్ల లెక్కన కట్టేది ఉంది, 'పే యాజ్ యు డ్రైవ్' అంటారు. 2022 జూలైలో ఇన్సూరెన్స్ కంపెనీల మీద నియంత్రణ ఉన్న ఐఆర్‌డీఏఐ అనుమతి ఇచ్చింది. ముందే కిలోమీటర్ల స్లాబు ఎంచుకోవాలి, మీటరు ఫొటో పంపాలి. తగ్గేది ఓడీలోనే, థర్డ్ పార్టీ అలాగే ఉంటుంది. స్లాబు దాటితే ఏమవుతుందో కంపెనీకో తీరు, అది చదివి తీసుకోండి.

తాడేపల్లి_తాతయ్య
మా మనవడికి కారు ఇవ్వకుండా ఉండటానికి ఇది మంచి సాకు.

పటమట_పిల్ల
ఎలక్ట్రిక్‌కి థర్డ్ పార్టీలో 15 శాతం తగ్గింపు అని మా నాన్నతో ఈవీ కొనిపించా. తీరా చూస్తే మోటారు 65 కిలోవాట్లు దాటింది కాబట్టి 6,712 అట. పాత పెట్రోల్ కారుకి 3,416 కట్టేవాళ్లం. ఇప్పటికీ నన్ను దెప్పుతున్నారు.

డబుల్_క్లచ్
నా ఆల్టో కొనుక్కోండి. 2,094.

బెజవాడ_స్విఫ్ట్
అప్‌డేట్. మూడు కంపెనీలవి ఆన్‌లైన్లో చూశాను. ఒకదాంట్లో ఐడీవీ అదే 5.05 లక్షలు పెట్టినా ఓడీ 3,700 చూపించింది. జీరో డెప్, ఇంజిన్, కన్స్యూమబుల్స్ రేట్లు అవే, టైరు, తాళం లేవు. పర్సనల్ యాక్సిడెంట్ 15 లక్షలది నా పేరుమీదున్న బైకు పాలసీలో ముందే ఉంది, ఒకటుంటే చాలట, టిక్ తీసేశాను. మొత్తం 12,468. స్క్రీన్‌షాట్ షోరూమ్‌కి పంపితే అరగంటలో మేనేజరే ఫోన్ చేసి "మనకోసం 12,900 చేస్తాను సార్" అన్నాడు. నిన్నటిదాకా అందరికీ అంతే అన్న రేటు!

లెక్కల_పంతులు
ఆ 432 దేనికో అడిగారా?

బెజవాడ_స్విఫ్ట్
"సర్వీసు సార్" అన్నాడు.

సింగ్‌నగర్_సీను
బయటే తీసుకోండి. కట్టాక పాలసీ నంబరు గవర్నమెంటు వాళ్ల ఎం పరివాహన్ యాప్‌లో ఎక్కిందో లేదో చూసుకోండి. మా ఏరియాలో వరద తర్వాత చవగ్గా ఇప్పిస్తామని దొంగ కాగితాలు అంటగట్టినవాళ్లు ఉన్నారు. క్లెయిమ్‌కి వెళ్లినప్పుడు గానీ బయటపడలేదు.

కానూరు_కారువాలా
అసలు క్లెయిమ్ కొట్టేస్తే ఎవరికి చెప్పుకోవాలి? వచ్చేసారి పనికొస్తుంది.

బ్రాడీపేట_బుల్లోడు
ముందు కంపెనీకి రాతపూర్వకంగా. నెలలో తేల్చకపోతే, లేదా వాళ్ల జవాబు నచ్చకపోతే, ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే అధికారి. మనకి హైదరాబాద్ ఆఫీసు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఐఆర్‌డీఏఐ వాళ్ల 'బీమా భరోసా' పోర్టల్లో కూడా పెట్టొచ్చు, 155255కి ఫోన్ చేసినా రాసుకుంటారు.

బెజవాడ_స్విఫ్ట్
కట్టేశాను. 12,468. యాప్‌లో ఇంకా పాతదే చూపిస్తోంది.

పాలసీ_మాస్టారు
ఒకటి రెండు రోజులు పడుతుంది. పాత పాలసీ డేట్ దాటకముందే కట్టారు కాబట్టి ఇన్‌స్పెక్షన్ గొడవ లేదు. పీడీఎఫ్‌లో ఎన్సీబీ 35 అని పడిందో లేదో ఒకసారి చూడండి, తప్పు పడితే క్లెయిమ్ రోజున అదే పట్టుకుంటారు.

బెజవాడ_స్విఫ్ట్
35 అనే ఉంది. ఇంజిన్ నంబరు కూడా సరిచూశాను.

ఆటోనగర్_బాబాయ్
కానూరు తమ్ముడూ, బంపర్ ఎప్పుడు తెస్తావ్? ఆదివారం షెడ్డు సెలవు.